మీటింగ్ అయ్యాక మెట్ల మీద మీటింగ్

మన క్యాంపుల్లో కమిటీలకు కొదవ లేదు. మెస్‌కు ఒక కమిటీ, వినాయక చవితికి ఒక కమిటీ, క్రికెట్‌కు ఇంకొకటి. జీతం ఆలస్యమైనా, నీళ్ళ ట్యాంకు కడగకపోయినా, ఏసీ చెడిపోయినా ఆఫీసుకు వెళ్ళి మాట్లాడే నలుగురైదుగురు ఎక్కడైనా ఉంటారు. పేరు పెట్టకపోయినా అదీ కమిటీయే. మీటింగులు కూడా బాగానే జరుగుతాయి. సెలవుకు ముందు రాత్రి మెస్ హాల్లో బల్లలు దగ్గరికి లాగుతారు, చాయ్ తెప్పిస్తారు, గంటన్నర మాట్లాడుకుంటారు, "సరే, ఇట్లా చేద్దాం" అని లేస్తారు.

అసలు కథ అక్కడి నుంచి మొదలవుతుంది. హాలు తలుపు దాటి మెట్ల దగ్గరికి రాగానే ఇద్దరు ఆగుతారు. సిగరెట్ వెలుగుతుంది. "లోపల సరే అన్నానుగానీ నాకైతే నచ్చలేదు" అంటాడొకడు. "నేనూ అదే అనుకున్నా" అంటాడు రెండోవాడు. ఈ మెట్ల మీటింగుకు కోరం అక్కర్లేదు, తీర్మానం అక్కర్లేదు. లోపల గంటన్నరలో కట్టుకున్నది ఇక్కడ ఐదు నిమిషాల్లో కూలిపోతుంది.

ఇదంతా ఎవరో చెప్తే విన్నది కాదు. 2008లో అలా మెట్ల మీద నిలబడ్డవాణ్ణి నేనే.

ఏడుగురం, రెండు మాటలు

అప్పుడు నేను దుబాయ్ సోనాపూర్‌లో ఉండేవాణ్ణి. మా క్యాంపులో తెలుగువాళ్ళం ఎనభై మంది దాకా ఉంటాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్ళు ఎక్కువ. కోనసీమ, కడప వాళ్ళు కొందరు, శ్రీకాకుళం వెల్డర్లు కొందరు. రెండు నెలలుగా జీతం లేదు. జీతం బ్యాంకు ద్వారా పడే డబ్ల్యూపీఎస్ పద్ధతి ఎమిరేట్స్‌లో 2009లో వచ్చింది. అంతకుముందు మా కంపెనీలో టైమ్‌కీపర్ కవరు తెచ్చి చేతిలో పెడితేనే జీతం. ఎప్పుడు తెస్తాడో ఎవరికీ తెలియదు.

గురువారం రాత్రి కూర్చున్నాం. ఏడుగురం. రెండు దారులు కనిపించాయి. ఒకటి, శనివారం పొద్దున బస్సు ఎక్కకపోవడం. రెండు, అందరి సంతకాలతో కంపెనీకి కాగితం ఇచ్చి ఏడు రోజులు గడువు పెట్టడం, అప్పటికీ రాకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్ళడం. మాలో పెద్దవాడు కోనసీమ మేస్త్రీ. అందరం బాబాయ్ అనేవాళ్ళం. "అబ్బాయిలూ, పని ఆపితే మన జీతం సంగతి పక్కకు పోతుంది, పోలీసు సంగతి ముందుకు వస్తుంది. ముందు కాగితం పెడదాం" అన్నాడు. ఆయన భయం ఊరికే కాదు. అంతకుముందు ఏడాది, 2007 చివర్లో, దుబాయ్‌లో నిర్మాణ కార్మికులు పనులు ఆపితే చాలామందిని పట్టుకున్న సంగతి, కొందరిని దేశం దాటించిన సంగతి అందరికీ గుర్తుంది.

నేను బస్సు ఎక్కొద్దన్న పక్షం. చేతులెత్తితే నలుగురు కాగితం వైపు, ముగ్గురం ఇటు. "సరే" అన్నారు అందరూ. నేనూ అన్నాను.

బయటికి వచ్చాను. మా ఊళ్ళ వైపు పిల్లోడొకడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వచ్చి ఏడు నెలలైంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టి వచ్చినవాడు.

"ఏమాయెనే అన్నా లోపట?"

"ఏముంది తమ్మీ, కాగితమంట. నేనైతే బస్సే ఎక్కొద్దన్న. వీళ్ళు భయపడ్డరు."

నేనన్నది ఇంతే. అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ శుక్రవారం పొద్దున బట్టలు ఉతుక్కునే దగ్గర అది "కమిటీల సగం మంది బస్సు ఎక్కొద్దన్నరట" అయింది. సాయంత్రం చాయ్ దగ్గరికి వచ్చేసరికి "రేపు బస్సు ఎక్కేది లేదట" అయింది.

శనివారం తెల్లారి నాలుగున్నరకు బస్సులు వచ్చాయి. ఇరవై రెండు మంది కిందికి దిగలేదు. నేను మాత్రం బస్సు ఎక్కాను. కమిటీలో సరే అన్నాను కదా మరి!

ఆఫీసువాళ్ళు ఆ ఇరవై రెండు మంది నంబర్లు రాసుకున్నారు. సోమవారం మేం కాగితం పట్టుకుని వెళ్తే మేనేజరు చేతికి తీసుకోకుండానే అడిగాడు: "మీలో అసలు కమిటీ ఎవరు? కాగితం రాసేవాళ్ళా, బస్సు ఆపేవాళ్ళా?" మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. జీతం ఇంకో నెల దాటాకగానీ రాలేదు. కాగితం సవ్యంగా వెళ్ళి ఉంటే ముందే వచ్చేదా అంటే, చెప్పలేను. ఇరవై రెండు మందికీ ఆబ్సెంట్ కోత పడింది. ఇద్దరి వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపారు. అందులో ఒకడు ఆ మెట్ల మీది పిల్లోడు.

వెళ్ళే రోజు నా రూముకు వచ్చాడు. తన ఇస్త్రీ పెట్టె నా మంచం మీద పెట్టి "ఉంచుకోయే, నాకేం పని" అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "నువ్వు గూడ ఎక్కలేదనుకున్ననే అన్నా" అన్నాడు. కోపంగా అనలేదు. ఏజెంటు అప్పు వాళ్ళ నాన్న ఎకరం అమ్మి తీర్చాడని తర్వాత తెలిసింది.

లోపల మిగిలిపోయిన మాట

నోరు జారింది నేను. అందులో తిరుగు లేదు. కానీ కొన్నాళ్ళకు బాబాయే ఒక సంగతి అన్నాడు. "ఆ రాత్రి నిన్ను పూర్తిగా మాట్లాడనివ్వలేదురా. పదైపోయింది, పొద్దున్నే లేవాలని నేనే తొందరపెట్టాను." నిజమే. చేతులు లెక్కపెట్టారు, లేచారు. ఓడిన ముగ్గురి దగ్గరా చెప్పాల్సిన మాట ఇంకా మిగిలే ఉంది. మా భయం కూడా చిన్నదేమీ కాదు. ఏడు రోజుల గడువు ఇస్తే కంపెనీ ఆ ఏడు రోజుల్లో మాలో నలుగురిని వేరే క్యాంపుకు మారుస్తుందని మా భయం. అది ఎవరూ వినలేదు. హాల్లో చెప్పనివ్వని మాట హాల్లోనే ఉండిపోదు. అది మనిషి వెంట మెట్ల దాకా వస్తుంది.

ఇంకొకటి. ఆ రాత్రి ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. గదుల్లో ఎవరు ఏం చెప్పాలో అనుకోలేదు. అవతల ఎనభై మంది చెవులు రిక్కించుకుని ఉన్నారు. జీతం సంగతి మరి! కమిటీ నుంచి మాట రాకపోతే, ముందు బయటికి వచ్చినవాడు ఏమంటే అదే కమిటీ మాట అవుతుంది. ఆ రాత్రి ముందు బయటికి వచ్చింది నేను.

మనమేమో కమిటీని కంపెనీ చీల్చిందని అంటుంటాం. కొన్నిసార్లు నిజమే. సూపర్‌వైజరు ఒకణ్ణి పక్కకు పిలిచి "నువ్వు మంచోడివి, నీకెందుకు వాళ్ళతో" అని నాలుగు గంటల ఓటీ ఎక్కువ రాస్తాడు. కానీ మా విషయంలో అంత శ్రమ కూడా ఎవరూ పడనక్కర్లేకపోయింది.

మా ఇంటావిడ పుస్తకం

2010లో చుట్టీ మీద ఇంటికి వెళ్ళాను. మా ఇంటావిడ డ్వాక్రా గ్రూపులో ఉంది. ఆ నెల మీటింగు మా అరుగు మీదే జరిగింది. గ్రూపు డబ్బు ముందు ఎవరికి అప్పివ్వాలన్నది గొడవ. ఒకామె బర్రె కొంటానంటుంది, ఇంకొకామె బిడ్డ పెళ్ళంటుంది. మా ఆవిడ బర్రెకు ఇమ్మంది. పాలు పోస్తే నెల నెలా కిస్తీ వస్తుందని ఆమె లెక్క. ఎక్కువమంది పెళ్ళికే ఇద్దామన్నారు. తీర్మానాల పుస్తకంలో రాశారు, అందరూ సంతకాలు పెట్టారు. మా ఆవిడా పెట్టింది.

రాత్రి అడిగాను. "నువ్వు వద్దన్నవు గద, సంతకమెందుకు పెట్టినవ్?"

"వద్దన్నట్టు గూడ రాసిన్రు, చూడరాదు. రాసినంక ఇగ బయటికి పోయి చెప్పేదేముంది?"

పుస్తకం తెరిచి చూశాను. నిజంగానే ఉంది. ఫలానా ఆమె బర్రెకు ఇవ్వాలని అన్నది అని ఒక లైను, దాని కిందే అందరి సంతకాలు. గల్ఫ్‌లో ఇన్నేళ్ళు ఏడుగురు మగాళ్ళం కలిసి తేల్చుకోలేనిది పది మంది ఆడవాళ్ళు అరుగు మీద తేల్చేశారు. సిగ్గనిపించింది, ఒప్పుకుంటాను.

ఢిల్లీలో మంత్రివర్గానికి కూడా రాజ్యాంగంలో ఇదే కట్టుబాటు. మంత్రులంతా లోక్‌సభకు ఉమ్మడిగా జవాబుదారీ అని 75వ అధికరణంలో రాసి ఉంది. లోపల ఎంతైనా వాదించుకోవచ్చు, బయట అందరిదీ ఒకే మాట. ఒప్పుకోలేనివాడు రాజీనామా ఇచ్చి తన మాట తాను చెప్పుకోవాలి. పెద్ద కుర్చీలవాళ్ళు దాన్ని ఎంత పాటిస్తున్నారో మీకు తెలిసిందే. నాకైతే డ్వాక్రా పుస్తకమే బాగా పనికొచ్చింది.

తిరిగి వచ్చాక బకాలాలో ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. పాత కమిటీ అప్పటికి లేదు. కొత్తగా మెస్ కోసం కూర్చున్నవాళ్ళకు చూపించాను. మొదట్లో నవ్వారు. తర్వాత అలవాటైంది. లేచేముందు ఒక్కొక్కరినీ వరసగా అడుగుతాం, ఇంకా ఏమైనా ఉందా అని. మౌనంగా ఉన్నవాణ్ణి రెండుసార్లు అడుగుతాం. ఎందుకంటే మెట్ల మీద ఎక్కువ మాట్లాడేది లోపల మౌనంగా ఉన్నవాడే. వద్దన్నవాడు కావాలంటే తన పేరు, కారణం రాయించుకుంటాడు. ఆ తర్వాత గదుల్లో చెప్పాల్సిన మాట ఒకే వాక్యంగా రాసి, పైకి చదువుతాం.

ఈ చదవడం ఎందుకా అనుకోవచ్చు. మన క్యాంపుల్లో మాట తెలుగులో పుట్టి, హిందీలో బీహారీ తమ్ముళ్ళ దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి నేపాలీల గదికి వెళ్తుంది. ఒకసారి "ఏడు రోజుల్లో" అన్నది "ఏడో తారీకున" అయి కూర్చుంది. ఏడో తారీకు మర్నాడే. ఇరవై మంది మా మీదికి వచ్చారు. అప్పటి నుంచి రోజుల లెక్క మానేసి తారీకే రాస్తున్నాం.

మళ్ళీ ఎప్పుడు మాట్లాడుకోవాలో కూడా అక్కడే రాస్తాం. ఓడినవాడికి ఇది పెద్ద ఊరట. తన మాట శాశ్వతంగా పోలేదు, ఫలానా తారీకున మళ్ళీ ఎత్తవచ్చు అని తెలిస్తే ఆ తారీకు దాకా ఓపిక పడతాడు. మధ్యలో కొత్త సంగతేదైనా తెలిస్తే కమిటీని పిలవాలి, గదులను కాదు.

ఇక్కడి చట్టాల సంగతి

గల్ఫ్‌లో అన్ని దేశాలూ ఒకటి కాదు. ఎమిరేట్స్‌లో, సౌదీలో కార్మిక సంఘాలు పెట్టుకునే వీలు లేదు. బహ్రెయిన్‌లో 2002లో సంఘాల చట్టం వచ్చింది, మనలాంటి బయటి దేశాలవాళ్ళు కూడా అందులో చేరవచ్చు. ఖతార్‌లో సంఘం లేదుగానీ, 2019 నిబంధనల ప్రకారం ముప్పై మంది, అంతకన్నా ఎక్కువ కార్మికులున్న కంపెనీలో ఉమ్మడి కమిటీ పెట్టుకోవచ్చు. అందులో కంపెనీ మనుషులు ఎందరో, కార్మికులు ఓటేసి పంపినవాళ్ళు అందరు. అలాంటి కమిటీలో కూర్చునే అన్నలకు ఈ మెట్ల సంగతి ఇంకా ముఖ్యం. బల్లకు అవతల కంపెనీవాళ్ళు ముందే మాట్లాడుకుని ఒకే మాటతో వస్తారు. ఇవతల మనం నాలుగు మాటలతో కూర్చుంటే వాళ్ళు అందులో చవకైనదాన్ని ఏరుకుంటారు.

ఇంకో జాగ్రత్త. కమిటీ ఒక్కటిగా నిలబడినంత మాత్రాన ఆ నిర్ణయం చట్టం ముందు చెల్లుతుందని కాదు. క్యాంపులో ఎవరైనా చనిపోతే మనవాళ్ళు వెంటనే చందాలకు దిగుతారు. మంచి మనసే. కానీ ఎమిరేట్స్‌లో 2021లో వచ్చిన చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ చందాలు వసూలు చేయకూడదు. మృతదేహాన్ని పంపే ఖర్చు ముందు కంపెనీని అడగాలి. అక్కడ కుదరకపోతే మన ఎంబసీలో, కాన్సులేట్‌లో 2009 నుంచి ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది, దాన్ని అడగాలి. అలాంటప్పుడు కమిటీలో ఒకడు "ఇది తప్పవుతుంది" అంటే, ఐక్యత పేరు చెప్పి వాణ్ణి కూర్చోబెట్టడం అందరి మెడకూ చుట్టుకుంటుంది.

ఒక్క మాట మీద ఉండటం, నోరు మూయించడం

ఈ రెండూ వేరని మా నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. గుడి కట్టించినవి, చెరువు బాగు చేయించినవి, బడికి గది వేయించినవి ఉన్నాయి. కమిటీ మాట కాదన్న ఇంటికి నీళ్ళు, దుకాణం, మంగలి, చాకలి అన్నీ బంద్ పెట్టించినవీ ఉన్నాయి. పోలీసు కేసులు కూడా అయ్యాయి. "ఊరంతా ఒక్కటే మాట" అనేది వినడానికి బాగుంటుంది. ఆ ఒక్క మాట కిందపడి నలిగిన ఇంటివాళ్ళను అడిగితే తెలుస్తుంది.

అందుకే మా నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసుకున్నాం. డబ్బు లెక్క రహస్యం కాదు. ఎవరు అడిగినా, కమిటీలో లేనివాడు అడిగినా చూపించాలి. కమిటీ సభ్యుడు ఎవరైనా తిన్నాడని తెలిస్తే, అది బయట చెప్పడం కమిటీని చీల్చడం కాదు. ఒకసారి చిట్టీల డబ్బులో ఇలాగే జరిగింది. మొదట "మన పరువు పోతుంది, లోపలే చూసుకుందాం" అన్నారు. లోపల చూసుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో మనిషి టికెట్ కొనుక్కుని వెళ్ళిపోయాడు.

నిర్ణయం నచ్చక మనసు అసలు ఒప్పుకోకపోతే కమిటీలోంచి తప్పుకోవచ్చు. తప్పుకున్నానని అందరి ముందూ చెప్పాలి. పగలు కమిటీలో, రాత్రి మెట్ల మీద ఉండకూడదు. నేను చేసింది అదే.

ఇప్పుడు మెట్లు కూడా అక్కర్లేదు. జేబులో వాట్సాప్ ఉంది. పదకొండింటికి పడుకుని ఒక వాయిస్ మెసేజ్ పెడితే తెల్లారేసరికి నాలుగు క్యాంపులు తిరిగొస్తుంది. మాటకైతే "నేనలా అనలేదు" అనే వీలైనా ఉండేది. మేం పెట్టుకున్న పద్ధతి చిన్నదే. మీటింగ్ రోజు రాత్రి కమిటీవాళ్ళెవరూ గ్రూపుల్లో గొంతు పెట్టరు. రాసిన వాక్యం ఫొటో ఒక్కటే వెళ్తుంది. ప్రశ్నలుంటే మర్నాడు మనిషిని అడగాలి.

బియ్యం గొడవ

2023 జూలైలో మన దేశం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపింది. మీకు గుర్తుండే ఉంటుంది, ఇక్కడ సోనామసూరి బస్తా ధర ఎలా ఎగిరిందో. మా మెస్‌లో పెద్ద గొడవ. మనిషికి నెలకు ఇంకో నలభై దిర్హాములు పెంచాలా, లేక రాత్రి పూటకు వేరే బియ్యం తేవాలా? రెండు గంటలు కూర్చున్నాం. వేరే బియ్యమే అని ఐదుగురు, వద్దని ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడు సిరిసిల్ల తమ్ముడు, గట్టివాడు. రోజంతా ఎండలో కాలి వచ్చినవాడికి రాత్రి ఆ ముద్ద దిగదని అతని వాదన. మొత్తం చెప్పాడు, పుస్తకంలో రాయించాడు. అక్టోబరు 1న మళ్ళీ చూడాలని కూడా రాయించాడు.

గదుల్లో చెప్పే పని వద్దన్న ఆ ఇద్దరికే ఇచ్చాం. నలుగురు కొంచెం జంకారు. ఇస్తే చెడగొడతారేమోనని. రెండో అంతస్తుకు అతను వెళ్తుంటే నేనూ వెనక వెళ్ళాను. మెట్లు ఎక్కుతుంటే మళ్ళీ ఆ ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చింది.

మొదటి గది తలుపు దగ్గరే ఒకడు పట్టుకున్నాడు.

"ఏందన్నా, నువ్వు వద్దన్నవట గద?"

"అన్న. లోపట అన్న, బుక్కుల గూడ రాసిన్రు. అయిదో తారీకు నుంచి రాత్రికి వేరే బియ్యం, అక్టోబరు ఒకటికి మళ్ళ చూస్తం. గది చెప్పనీకొచ్చిన. ఇంకెవరన్న ఉన్నరా లోపట, పిలువు."